హాట్‌స్పాట్ డేటా ఏ ప్రోగ్రామ్ తినేస్తోందో పట్టుకోవడం ఎలా? (విండోస్ 10, 11)

మీరు అడిగింది ఇదీ: విశాఖ గాజువాకలో ఇల్లు, ఫైబర్ ఇంకా రాలేదు, విండోస్ 11 ల్యాప్‌టాప్‌కి ఫోన్ హాట్‌స్పాటే ఆధారం. రోజుకు 2 జీబీ ప్యాక్. పొద్దున్న మెయిల్ చూసుకుని, తమ్ముడు ఒక ఆన్‌లైన్ క్లాసు వినేసరికి 11 గంటలకల్లా డేటా అయిపోయిందని మెసేజ్. టాస్క్ మేనేజర్ తెరిస్తే ‘సర్వీస్ హోస్ట్’ పేరుతో బోలెడు వరుసలు, ఏది ఏమిటో తెలియడం లేదు. ఏ ప్రోగ్రామ్ ఎంత వాడుతోందో చూడాలి, ఆపాలి, వైరస్ ఉందేమో తేల్చుకోవాలి.

ముందు సూటిగా జవాబు. సెట్టింగ్స్‌లో ‘డేటా యూసేజ్’ పేజీ మొత్తం లెక్క చెబుతుంది, ‘రిసోర్స్ మానిటర్’ ఈ నిమిషంలో ఎవరు వాడుతున్నారో చెబుతుంది. రెండూ విండోస్‌తోనే వస్తాయి, ఏమీ కొననక్కర్లేదు, ఇన్‌స్టాల్ చెయ్యనక్కర్లేదు. ఆపడానికి మొదటి మందు మీ హాట్‌స్పాట్ పేరు మీద ‘మీటర్డ్ కనెక్షన్’ (ఈ నెట్‌కి డేటా హద్దుంది, పొదుపుగా వాడు అని విండోస్‌కి చెప్పే సెట్టింగ్) ఆన్ చెయ్యడం. మీరు చెప్పిన లక్షణాలను బట్టి వైరస్ కంటే విండోస్ అప్‌డేట్, వన్‌డ్రైవ్, ఫోన్‌లోని యాప్‌లు, ఈ మూడింట్లో ఒకటి అయ్యే అవకాశమే ఎక్కువ.

ఇంత చెప్పాక కూడా చాలామంది అసలు ప్రోగ్రామ్‌ని పట్టుకోలేకపోతారు. కారణం ఒక్కటే: టాస్క్ మేనేజర్ తెరిచి రెండు నిమిషాలు చూసి, అప్పుడు పైన ఉన్న పేరుని దోషి అనేసుకుంటారు. అప్‌డేట్లు, బ్యాకప్పులు లాంటివి మీరు ల్యాప్‌టాప్ ముట్టుకోనప్పుడు నడిచేలా తయారుచేసినవి. మీరు మౌస్ కదిపి చూడ్డం మొదలుపెట్టేసరికి వాటిలో కొన్ని నెమ్మదించవచ్చు. అందుకే ముందు ఒక పూట మొత్తం లెక్క తీయాలి, ఆ తర్వాతే లైవ్‌గా చూడాలి. ఈ వరుస తిరగేస్తే పని జరగదు.

ముందు ఒక పూట లెక్క

మన దగ్గర రోజువారీ ప్యాక్ సాధారణంగా అర్ధరాత్రి 12కి మొదలవుతుంది. కాబట్టి కొలత కూడా రాత్రి నుంచే మొదలవ్వాలి. పడుకునే ముందు రెండు పనులు చెయ్యండి.

ఒకటి, ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, అడ్వాన్స్‌డ్ నెట్‌వర్క్ సెట్టింగ్స్, డేటా యూసేజ్ వరకు వెళ్ళండి. పైన నెట్‌వర్క్ ఎంచుకునే చోట మీ హాట్‌స్పాట్ పేరే ఉందో లేదో చూసుకుని, ‘రీసెట్ యూసేజ్ స్టాట్స్’ నొక్కండి. రీసెట్ చెయ్యకపోతే అది గత 30 రోజుల మొత్తం చూపిస్తుంది. రెండు వారాల కిందట ఇదే హాట్‌స్పాట్ మీద దించుకున్న పెద్ద ఫైలు కూడా అందులో కలిసిపోయి మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. విండోస్ 10 అయితే నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లో స్టేటస్ పేజీ మీదే డేటా యూసేజ్ బటన్ ఉంటుంది.

రెండు, ఫోన్‌లో డేటా యూసేజ్ తెరిచి రెండంకెలు కాగితం మీద రాసుకోండి: మొత్తం మొబైల్ డేటా ఎంత, అందులో ‘హాట్‌స్పాట్ అండ్ టెథరింగ్’ అనే వరుస ఎంత. ఆండ్రాయిడ్‌లో ఈ వరుస యాప్‌ల జాబితాలోనే, మిగతా యాప్‌ల మధ్య కనిపిస్తుంది.

మర్నాడు 11కి డేటా అయిపోయిన మెసేజ్ వచ్చాక రెండు చోట్లా మళ్ళీ చూసి, ఫోన్ అంకెల్లోంచి రాత్రి అంకెలు తీసేయండి. ఉదాహరణకు ఫోన్ మొత్తం 2 జీబీ, అందులో హాట్‌స్పాట్ 1.5 జీబీ వచ్చిందనుకోండి. అంటే అర జీబీ ఫోన్‌లోనే పోయింది, దానికి ల్యాప్‌టాప్‌ని ఎంత వెతికినా లాభం లేదు. ఫోన్‌లో యాప్‌ల ఆటో అప్‌డేట్, ఫొటోల బ్యాకప్, రీల్స్ చూసుకోండి. హాట్‌స్పాట్ 1.5 ఉండి ల్యాప్‌టాప్ మొత్తం 0.9 మాత్రమే చూపిస్తే ఇంకో పరికరం ఏదో మీ హాట్‌స్పాట్‌కి కలిసి ఉంది: స్మార్ట్ టీవీ, పాత ఫోన్, పక్కింటి పిల్లాడి ట్యాబ్. హాట్‌స్పాట్ పేజీలో కలిసి ఉన్న పరికరాల పేర్లు చూసి పాస్‌వర్డ్ మార్చండి. రెండంకెలూ దగ్గరగా ఉంటేనే ల్యాప్‌టాప్‌లో వెతకడం మొదలుపెట్టండి. ఏడెనిమిది శాతం తేడా ఉంటే పట్టించుకోవద్దు. ఒకరు 1 జీబీ అంటే 1000 ఎంబీ అని, ఒకరు 1024 అని లెక్కేయడం వల్లే అంత తేడా వస్తుంది.

క్లాసుకి ఎంత ఖర్చవుతుందో కూడా ముందే వేసుకోండి. 1 ఎంబీపీఎస్ వేగంతో ఒక గంట నడిస్తే 450 ఎంబీ. వీడియో క్లాసు 1 నుంచి 2 ఎంబీపీఎస్ మధ్య నడిచిందంటే గంటకు 450 నుంచి 900 ఎంబీ. తమ్ముడిది గంటన్నర క్లాసయితే 2 జీబీలో మూడో వంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా న్యాయంగానే అక్కడ పోతుంది. అది పోను మిగిలిన దానికే దొంగని వెతకాలి. క్లాసు యాప్‌లో వీడియో నాణ్యత తగ్గిస్తే ఒక్కోసారి సమస్య అక్కడితో తీరిపోతుంది.

ఈ డేటా యూసేజ్ పేజీ గురించి ఒక జాగ్రత్త. అది వైఫై మీద వెళ్ళిన ప్రతి బైటూ లెక్కేస్తుంది, ఇంటర్నెట్‌కి వెళ్ళిందా ఇంట్లోనే తిరిగిందా అని చూడదు. ఇంట్లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకో దానికి సినిమా కాపీ చేస్తే అది ‘సిస్టమ్’ ఖాతాలో జీబీల్లో కనిపిస్తుంది, కానీ మీ ప్యాక్‌లోంచి ఒక్క ఎంబీ కూడా పోదు.

ఇప్పుడు లైవ్‌గా చూడటం

విండోస్ కీ, ఆర్ కలిపి నొక్కి, వచ్చిన చిన్న పెట్టెలో ఆర్‌ఈఎస్‌ఎంఓఎన్ అక్షరాలు ఖాళీ లేకుండా టైప్ చేసి ఎంటర్ కొట్టండి. రిసోర్స్ మానిటర్ వస్తుంది. నెట్‌వర్క్ ట్యాబ్‌కి వెళ్ళండి. అన్నిటికంటే పైన ‘ప్రాసెసెస్ విత్ నెట్‌వర్క్ యాక్టివిటీ’ అనే పట్టిక. అందులో ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) పేరు, పీఐడీ (దానికి విండోస్ ఇచ్చే నెంబరు), సెండ్, రిసీవ్, టోటల్ అనే గడులు. టోటల్ శీర్షిక మీద క్లిక్ చేస్తే ఎక్కువ వాడేది పైకొస్తుంది. అంకెలు గత ఒక నిమిషం సగటు, కాబట్టి చటుక్కున మారవు. అదే దీని మంచి గుణం.

ఒక వరుస చదివి చూద్దాం. ఎస్‌వీసీహోస్ట్ (మీరు చూసిన ‘సర్వీస్ హోస్ట్’ ఇదే), పక్కన బ్రాకెట్లో నెట్‌వర్క్‌సర్వీస్, పీఐడీ 5120, సెండ్ 1,900, రిసీవ్ 6,10,000 అని ఉందనుకోండి. ఇవి సెకనుకి బైట్లు. 6,10,000 బైట్లంటే నిమిషానికి సుమారు 36 ఎంబీ, అంటే 27 నిమిషాల్లో 1 జీబీ హాం ఫట్. టాస్క్ మేనేజర్‌లో ఇదే వరుస 4.9 ఎంబీపీఎస్ అని కనిపిస్తుంది. అక్కడ లెక్క బిట్లలో, ఇక్కడ బైట్లలో. ఎనిమిదితో భాగిస్తే ఎంబీపీఎస్ కాస్తా సెకనుకి ఎంబీ అవుతుంది. ఈ ఒక్క తేడా తెలియక ‘టాస్క్ మేనేజర్ తప్పు చూపిస్తోంది’ అనుకునేవాళ్ళు చాలామంది.

వేగం తక్కువగా ఉన్నా వదలకండి. రోజంతా ఆగకుండా నడిచే 1 ఎంబీపీఎస్ ప్రోగ్రామ్ 24 గంటల్లో 10.8 జీబీ లాగేస్తుంది. ఒక్కసారి 20 ఎంబీపీఎస్‌కి ఎగిరి పది సెకన్లలో ఆగిపోయేది 25 ఎంబీ దాటదు. ఎంత ఎత్తుకి ఎగిరిందన్నది కాదు, ఎంతసేపు నడిచిందన్నదే మీ ప్యాక్‌ని ఖాళీ చేస్తుంది.

ఏదైనా ప్రాసెస్ పక్కన గడిలో టిక్ పెడితే కింది పట్టికలన్నీ దాని వరకే వడపోసి చూపిస్తాయి. ‘నెట్‌వర్క్ యాక్టివిటీ’ పట్టికలో అది ఏ చిరునామాతో మాట్లాడుతోందో తెలుస్తుంది. ‘టీసీపీ కనెక్షన్స్’ పట్టికను మాత్రం డేటా లెక్కకి వాడొద్దు. కనెక్షన్ తెరిచి ఉండటం వేరు, దాని మీద డేటా పోవడం వేరు. బ్రౌజర్ 40 కనెక్షన్లు తెరుచుకుని ఒక్క కేబీ కూడా వాడకుండా కూర్చోగలదు. పైగా క్రోమ్‌లో యూట్యూబ్ లాంటివి ఎక్కువగా క్విక్ అనే పద్ధతిలో, టీసీపీ కాక యూడీపీ అనే వేరే దారిలో, 443 పోర్ట్ మీద నడుస్తాయి. అవి టీసీపీ పట్టికలోకి రానే రావు. కనెక్షన్ల జాబితా ఇచ్చే నెట్‌స్టాట్ కమాండ్ కూడా యూడీపీకి అవతలి చిరునామా చూపించదు. ‘నెట్‌స్టాట్‌లో ఏమీ లేదు, మరి డేటా ఎలా పోతోంది’ అనే ప్రశ్నకి చాలాసార్లు ఇదే జవాబు.

వీపీఎన్ వాడుతుంటే ఇంకో చిక్కు. బ్రౌజర్ వాడిన డేటా ఒకసారి బ్రౌజర్ పేరు మీద, అదే డేటా మళ్ళీ వీపీఎన్ ప్రోగ్రామ్ పేరు మీద పడుతుంది. రెండూ కలిపేస్తే లెక్క రెట్టింపు. కొలిచే పూట వీపీఎన్ ఆపేయడం మేలు.

సర్వీస్ హోస్ట్ అంటే ఎవరు?

మీ అసలు సందేహం ఇదే కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. ఎస్‌వీసీహోస్ట్ అనేది స్వయంగా ఏ పనీ చెయ్యదు. విండోస్‌లోని సర్వీసులు చాలావరకు విడి ప్రోగ్రాములు కావు, వాటిని మోయడానికి ఒక వాహనం కావాలి. ఆ వాహనం ఇది. ఒక్కో సర్వీసుకీ ఒక్కో కాపీ నడవడం వల్ల అన్ని వరుసలు కనిపిస్తాయి. విండోస్ 10 తొలి వెర్షన్ల వరకు ఒకే కాపీలో చాలా సర్వీసులు కలిసి ఉండేవి. 2017లో వచ్చిన 1703 వెర్షన్ నుంచి, మెమరీ 3.5 జీబీ దాటిన కంప్యూటర్లలో చాలావాటిని విడివిడిగా నడుపుతున్నారు. మనకి అది మంచిదే, ఎవరి లెక్క వాళ్ళది.

లోపల ఎవరున్నారో చూడటం తేలిక. టాస్క్ మేనేజర్‌లో సర్వీస్ హోస్ట్ వరుస ఎడమవైపు ఉన్న బాణం నొక్కితే లోపలి సర్వీసు పేరు విచ్చుకుంటుంది. ఇంకా ఖచ్చితంగా కావాలంటే రిసోర్స్ మానిటర్ నెట్‌వర్క్ ట్యాబ్‌లో పీఐడీ నెంబరు చూసుకుని, సీపీయూ ట్యాబ్‌కి వెళ్ళి అదే పీఐడీ ఉన్న ఎస్‌వీసీహోస్ట్‌కి టిక్ పెట్టండి. కింద ‘సర్వీసెస్’ పట్టికలో ఒకటో రెండో పేర్లు మిగులుతాయి. డేటా ఎక్కువ వాడే పేర్లు దాదాపు ఎప్పుడూ ఈ మూడే:

విండోస్ అప్‌డేట్, పొట్టిపేరు డబ్ల్యూయూఏయూసర్వ్. డెలివరీ ఆప్టిమైజేషన్, పొట్టిపేరు డీఓఎస్‌వీసీ. అప్‌డేట్ ఫైళ్ళని నిజంగా దించేది ఇదే. బిట్స్, అంటే బ్యాక్‌గ్రౌండ్‌లో నెమ్మదిగా ఫైళ్ళు దించే సర్వీసు, దీన్ని ఇతర ప్రోగ్రాములు కూడా వాడుకుంటాయి.

వారాలు గుర్తుపెట్టుకుంటే సగం పని తగ్గుతుంది. మైక్రోసాఫ్ట్ నెలవారీ భద్రతా అప్‌డేట్లు ప్రతి నెలా రెండో మంగళవారం, అమెరికా పసిఫిక్ కాలమానం ప్రకారం ఉదయం 10కి వదులుతుంది. అది మనకి మంగళవారం రాత్రి 10.30, వాళ్ళ చలికాలంలో అయితే 11.30. అంటే ఆ తర్వాతి బుధవారం పొద్దున్న ల్యాప్‌టాప్ తెరవగానే మీ 2 జీబీ మీద పడేది అదే. మీకు డేటా అయిపోయిన రోజులు రెండో మంగళవారం తర్వాతి బుధ, గురువారాల చుట్టూ ఉన్నాయేమో క్యాలెండర్ చూడండి. రోజూ ఇదే తంతు అయితే అప్‌డేట్ కాదు, ఇంకేదో. లేదా ఒక అప్‌డేట్ సగంలో తెగిపోయి పదేపదే మొదలవుతోంది. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్, అప్‌డేట్ హిస్టరీ తెరిచి ‘ఫెయిల్డ్’ అని అదే నెంబరు మళ్ళీ మళ్ళీ ఉందేమో చూస్తే తేలిపోతుంది.

డెలివరీ ఆప్టిమైజేషన్‌లో ఇంకో సంగతుంది. అది దించుకోవడమే కాదు, మీ దగ్గరున్న అప్‌డేట్ ముక్కల్ని ఇతర కంప్యూటర్లకి పంపగలదు కూడా. విండోస్ అప్‌డేట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, డెలివరీ ఆప్టిమైజేషన్ పేజీలో ‘ఇంటర్నెట్‌లోని పరికరాలు’ అన్నది ఎంచుకుని ఉంటే మార్చేయండి. పూర్తిగా ఆఫ్ చేసినా అప్‌డేట్లు మామూలుగానే వస్తాయి. అదే పేజీలో ‘యాక్టివిటీ మానిటర్’ ఈ నెలలో ఎంత దించింది, ఎంత పంపింది అని చూపిస్తుంది.

మిగతా అనుమానితులు

వన్‌డ్రైవ్. కొత్త ల్యాప్‌టాప్ కొన్నప్పుడు చదవకుండా ‘నెక్స్ట్’ నొక్కుతూ పోతే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఫోల్డర్లు క్లౌడ్‌కి ఎక్కడం మొదలవుతుంది. ఫోన్‌లోంచి పెళ్ళి ఫొటోలు పిక్చర్స్‌లోకి కాపీ చేసిన రోజే డేటా ఖాళీ అయిందంటే సందేహమే అక్కర్లేదు. రిసోర్స్ మానిటర్‌లో దీని గుర్తు సెండ్ గడి పెద్దగా ఉండటం. గడియారం పక్కన మేఘం బొమ్మ నొక్కి 2, 8 లేదా 24 గంటలు పాజ్ చేయొచ్చు. సెట్టింగ్స్‌లో అప్‌లోడ్ వేగానికి హద్దు కూడా పెట్టొచ్చు.

బ్రౌజర్. పేరు ఒకటే కనిపిస్తుంది కానీ లోపల ముప్పై ట్యాబ్‌లుంటాయి. క్రోమ్, ఎడ్జ్ రెండింట్లోనూ షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే బ్రౌజర్‌కి సొంత టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో నెట్‌వర్క్ గడి చూస్తే ఏ ట్యాబ్, ఏ ఎక్స్‌టెన్షన్ వాడుతోందో పేరుతో సహా తెలుస్తుంది. వార్తల సైట్లలో తనంతట తానే మొదలయ్యే వీడియో, బొమ్మ మూసేసినా వెనకాల నడుస్తూ ఉండటం మామూలే.

వాట్సాప్ డెస్క్‌టాప్. ఫోన్‌లో మీడియా ఆటో డౌన్‌లోడ్ ఆపినా, ఇక్కడ విడిగా ఆపాలి. అపార్ట్‌మెంట్ గ్రూపు, బంధువుల గ్రూపు, ఆఫీసు గ్రూపు ఉన్న ఎవరికైనా ఇది చిన్న మొత్తం కాదు. ఒకే వీడియో ఒకే హాట్‌స్పాట్ మీద ఫోన్‌కి ఒకసారి, ల్యాప్‌టాప్‌కి ఒకసారి దిగుతుంది.

గేమ్ లాంచర్లు, ఆఫీస్ అప్‌డేట్ చేసే క్లిక్ టు రన్, వీటికి వాటి సెట్టింగ్స్‌లోనే పాజ్ లేదా ఆటో అప్‌డేట్ ఆఫ్ ఉంటుంది. టోరెంట్ ప్రోగ్రామ్ ఉంటే, డౌన్‌లోడ్ అయిపోయాక కూడా అప్‌లోడ్ ఆగదని గుర్తుంచుకోండి. కిటికీ మూసినంత మాత్రాన అది పోదు, గడియారం పక్కన చిహ్నంలోంచి ఎగ్జిట్ చేయాలి.

రాత్రి మూత వేసిన ల్యాప్‌టాప్. దీన్ని ఎవరూ అనుమానించరు. ఈమధ్య ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మోడర్న్ స్టాండ్‌బై ఉంటుంది, అంటే మూత వేసినా వైఫై బతికే ఉండొచ్చు. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ ఏ అంటే జాబితా వస్తుంది. అందులో ‘ఎస్0 లో పవర్ ఐడిల్’ పక్కన ‘నెట్‌వర్క్ కనెక్టెడ్’ అని ఉంటే మీది ఆ రకమే. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆపకుండా పడుకుంటే అర్ధరాత్రి 12కి కొత్త ప్యాక్ మొదలైన క్షణం నుంచే వాడకం మొదలవుతుంది, మీరు లేచేసరికి సగం పోతుంది. దీనికి ల్యాప్‌టాప్‌లో సెట్టింగ్ వెతకడం కంటే రాత్రి ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆపేయడం సులువు.

ఆపడం, ఏ వరుసలో

మొదట మీటర్డ్ కనెక్షన్. సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, వైఫై, మీ హాట్‌స్పాట్ పేరు ఉన్న ప్రాపర్టీస్, అందులో ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్. దీనితో విండోస్ అప్‌డేట్లలో చాలావరకు, స్టోర్ యాప్‌ల అప్‌డేట్లు, వన్‌డ్రైవ్ సింక్ ఆగుతాయి. విండోస్ నడవడానికి తప్పనిసరి అనుకున్నవి కొన్ని మాత్రం వస్తాయి. ఇది పెట్టినా అప్‌డేట్లు దిగుతున్నాయంటే, విండోస్ అప్‌డేట్ అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ‘మీటర్డ్ కనెక్షన్ మీద కూడా డౌన్‌లోడ్ చెయ్యి’ అనే మీట ఆన్‌లో ఉందేమో చూడండి. ఆ మీట వల్ల పై సెట్టింగ్ పెట్టీ ప్రయోజనం ఉండదు.

మీటర్డ్ అన్నది విండోస్ చేసే విన్నపమే, అడ్డుగోడ కాదు. బయటి కంపెనీల ప్రోగ్రాములు చాలావరకు దాన్ని లెక్కచెయ్యవు. వాటికి రెండో మెట్టు వాటి సొంత సెట్టింగ్స్. అక్కడా దారి లేకపోతేనే ఫైర్‌వాల్.

విండోస్ ఫైర్‌వాల్ మామూలుగా బయటి నుంచి వచ్చేవాటినే ఆపుతుంది, లోపలి నుంచి వెళ్ళేవాటికి తలుపు తెరిచే ఉంటుంది. ఒక ప్రోగ్రామ్‌కి ఆ తలుపు మూయాలంటే స్టార్ట్‌లో ‘విండోస్ డిఫెండర్ ఫైర్‌వాల్ విత్ అడ్వాన్స్‌డ్ సెక్యూరిటీ’ తెరిచి, అవుట్‌బౌండ్ రూల్స్, న్యూ రూల్, ప్రోగ్రామ్, ఫైలు దారి, బ్లాక్ ద కనెక్షన్, చివర పేరు. పేరు ముందు ‘ఆపు’ అని పెడితే తర్వాత వెతుక్కోవడం తేలిక. ఇక్కడ మూడు చోట్ల తప్పటడుగు పడుతుంది.

డొమైన్, ప్రైవేట్, పబ్లిక్ అని మూడు గడులు వస్తాయి. హాట్‌స్పాట్‌ని విండోస్ సాధారణంగా పబ్లిక్ కింద పెడుతుంది. ప్రైవేట్ ఒక్కటే టిక్ చేస్తే రూల్ ఉన్నా పని చెయ్యదు, మూడూ టిక్ చెయ్యండి. రెండోది, కొన్ని ప్రోగ్రాములు అప్‌డేట్ అయినప్పుడల్లా వెర్షన్ నెంబరుతో కొత్త ఫోల్డర్ చేసుకుంటాయి. మీ రూల్ పాత దారినే చూస్తూ ఉంటుంది, ప్రోగ్రామ్ కొత్త దారిలో దర్జాగా వెళ్ళిపోతుంది. ‘రెండు వారాలు ఆగి మళ్ళీ మొదలైంది’ అనేది ఇందుకే. మూడోది చాలా ముఖ్యం: ఎస్‌వీసీహోస్ట్‌ని ఎప్పుడూ బ్లాక్ చెయ్యొద్దు. సైట్ పేర్లని చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్ క్లయింట్, హాట్‌స్పాట్ నుంచి ఐపీ చిరునామా తెచ్చుకునే డీహెచ్‌సీపీ క్లయింట్, రెండూ అందులోనే ఉంటాయి. దాన్ని మూస్తే నెట్ మొత్తం పోతుంది.

అలాగే విండోస్ అప్‌డేట్ సర్వీసుని ‘డిజేబుల్’ చేయమని చెప్పే వీడియోలని నమ్మొద్దు. విండోస్ దాన్ని మళ్ళీ లేపుతుంది, ఈలోపు భద్రతా అప్‌డేట్లు ఆగిపోతాయి. కావాలంటే అప్‌డేట్ పేజీలోనే 5 వారాల వరకు పాజ్ ఉంది, అది వాడుకోండి.

వేరే సాఫ్ట్‌వేర్ అవసరమా? మీ పనికి అవసరం లేదు. ఏ ప్రోగ్రామ్ ఎక్కడికి కనెక్టయిందో ఇంకా లోతుగా చూడాలనుకుంటే సిస్‌ఇంటర్నల్స్ వాళ్ళ టీసీపీవ్యూ మంచిది. ఉచితం, మైక్రోసాఫ్ట్ సైట్‌లోనే దొరుకుతుంది, ఇన్‌స్టాల్ అక్కర్లేదు. కొత్త కనెక్షన్ ఆకుపచ్చగా, మూసుకున్నది ఎర్రగా మెరుస్తుంది. రోజుల తరబడి గ్రాఫ్ కావాలంటే గ్లాస్‌వైర్. ఒక్కో ప్రోగ్రామ్‌కి వేగం హద్దు పెట్టాలంటే నెట్‌లిమిటర్, ఇది డబ్బు పెట్టి కొనాల్సింది. ఇలాంటివి రెండు ఒకేసారి పెట్టొద్దు. రెండూ నెట్‌వర్క్ దారిలోనే కూర్చుంటాయి కాబట్టి ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి. వైర్‌షార్క్ గురించి ఎవరైనా చెబితే, అది ప్యాకెట్లు (నెట్ మీద వెళ్ళే డేటా ముక్కలు) చూపిస్తుంది కానీ ఏ ప్రోగ్రామ్‌వో చెప్పదు. మీ ప్రశ్నకి అది సరైన పనిముట్టు కాదు.

మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్, ఆపడానికి ఉచితంగా దొరికే లులు అనే ఫైర్‌వాల్. లినక్స్ అయితే నెట్‌హాగ్స్, దాన్ని సుడోతో నడపాలి.

వైరస్ అనుమానం

విదేశీ ఐపీ చిరునామా కనిపించగానే కంగారు పడొద్దు. మైక్రోసాఫ్ట్, గూగుల్, అమెజాన్, అకామై, క్లౌడ్‌ఫ్లేర్ సర్వర్ల చిరునామాలు అలాగే కనిపిస్తాయి. చూడాల్సింది ఫైలు ఎక్కడుంది అన్నది. టాస్క్ మేనేజర్‌లో పేరు మీద రైట్ క్లిక్ చేసి ‘ఓపెన్ ఫైల్ లొకేషన్’ అనండి. అసలు ఎస్‌వీసీహోస్ట్ సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ లోపల సిస్టమ్32లో ఉంటుంది, 32 బిట్ కాపీ సిస్‌వావ్64లో. అదే పేరుతో టెంప్‌లోనో యాప్‌డేటాలోనో ఉంటే అది నకిలీ. మిగతా ప్రోగ్రాములకి ప్రాపర్టీస్‌లో ‘డిజిటల్ సిగ్నేచర్స్’ (తయారుచేసిన కంపెనీ సంతకం) ట్యాబ్ చూడండి. సంతకం లేదు, పేరు తెలియదు, మీరేమీ చెయ్యనప్పుడు కూడా సెండ్ ఆగట్లేదు, ఈ మూడూ కలిస్తే నెట్ ఆపి, విండోస్ సెక్యూరిటీలో డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్ పెట్టండి.

జాబితాలో ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ లాంటి పేరు కనిపించి, ఇంట్లో ఎవరూ పనికోసం పెట్టుకోనిదైతే వెంటనే అడగండి: ‘కస్టమర్ కేర్ నుంచి’ అని ఫోన్ చేసి ఎవరైనా ఇన్‌స్టాల్ చేయించారా అని. ఆ ప్రోగ్రాములు మంచివే, వాటిని వాడుకుని మోసం చేసేవాళ్ళే వేరు. అలా జరిగి ఉంటే దాన్ని తీసేసి, వేరే పరికరం నుంచి బ్యాంకు పాస్‌వర్డ్లు మార్చి, డబ్బు పోయి ఉంటే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

ఫైబర్ వచ్చాక

మీటర్డ్ సెట్టింగ్ ఒక్కో వైఫై పేరుకి విడివిడిగా ఉంటుంది. రేపు ఫైబర్ వేయించుకున్నా దీన్ని ఆఫ్ చేయనక్కర్లేదు, హాట్‌స్పాట్ పేరుకి ఆన్‌లోనే ఉండనివ్వండి. తుపాను గాలికి స్తంభం మీద తీగ తెగి రెండు రోజులు ఫైబర్ రాకపోతే మళ్ళీ ఫోనే దిక్కు. అప్పుడు సెట్టింగ్ సిద్ధంగా ఉంటుంది. కొత్త ఫోన్ వల్ల గానీ, మీరే మార్చడం వల్ల గానీ హాట్‌స్పాట్ పేరు మారితే విండోస్‌కి అది కొత్త నెట్‌వర్క్ కిందే లెక్క, మళ్ళీ ఆన్ చెయ్యాలి.

ఫైబర్ వచ్చేదాకా నెలకోసారి, రెండో మంగళవారం దాటాక, మధురవాడలోనో ఎంవీపీ కాలనీలోనో వైఫై ఉన్న చుట్టాలింటికి వెళ్ళినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకెళ్ళండి. పాజ్ తీసేసి, ‘చెక్ ఫర్ అప్‌డేట్స్’ నొక్కి, చార్జర్ పెట్టి, ‘రీస్టార్ట్’ అడిగితే అక్కడే చేయించి, మళ్ళీ ఒకసారి చెక్ చెయ్యండి. కొన్ని అప్‌డేట్లు మొదటిది ఎక్కాకగానీ రెండోది చూపించవు. పనిలో పనిగా స్టోర్‌లో ‘గెట్ అప్‌డేట్స్’, ఆఫీస్ ఉంటే దాని అప్‌డేట్ కూడా కానిచ్చేయండి.